అర్ధలోహం, భ్రమణం, ప్రావస్థ: ఎలక్ట్రాన్ స్పిన్‌ను తెలుగులో చెప్పడంలో పరిభాష సమస్య

వ్యాససంగ్రహం

స్ఫటికనిర్మాణం మారినప్పుడు టోపాలజికల్ సెమీమెటల్ అనే పదార్థాల్లో ఎలక్ట్రాన్ స్పిన్ ఎలా ప్రవర్తిస్తుందన్నది ఇటీవలి భౌతికశాస్త్రంలో విస్తృతంగా చర్చకు వచ్చిన విషయం. దీన్ని తెలుగులో రాయబూనితే ఇప్పటికే వాడుకలో ఉన్న పారిభాషిక పదాల్లో ఏవి నిలుస్తాయి, ఏవి తప్పుదారి పట్టిస్తాయి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగులో పదాలు కొరవడడం అసలు లోపం కాదనీ, పదాలను విడివిడిగా జాబితాల్లో అనువదించి వాక్యంలో పరీక్షించకపోవడమే లోపమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శాస్త్ర పరిభాష, ఎలక్ట్రాన్ స్పిన్, అర్ధలోహం, ప్రావస్థ, సౌష్ఠవం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సూరి భగవంతం.

1. ఉపోద్ఘాతం

అబిడ్స్‌లో ఆదివారం నాడు మూసి ఉన్న దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో తెలుగు మాధ్యమం డిగ్రీ భౌతికశాస్త్ర పుస్తకాలు కూడా కనిపిస్తుంటాయి. పోటీపరీక్షల గైడ్లకూ ఇంజనీరింగ్ పుస్తకాలకూ ఉన్న గిరాకీ వాటికి లేదు. అట్టపోయిన అలాంటి పుస్తకం ఒకటి కొన్నేళ్ల కిందట కొన్నాను. దాన్ని చదువుకున్న విద్యార్థి ఎవరో, తెలుగు పారిభాషిక పదాల పైన పెన్సిల్‌తో ఆంగ్లపదాలను తెలుగు లిపిలోనే రాసుకున్నారు. భ్రమణం అన్నచోట స్పిన్, కోణీయ ద్రవ్యవేగం అన్నచోట యాంగ్యులర్ మొమెంటం. అర్ధలోహం అన్న పదం పైన మాత్రం ఆంగ్లపదం లేదు, ఒక ప్రశ్నార్థకం ఉంది.

తన భాషలో ఉన్న పుస్తకానికి తానే అనువాదం రాసుకోవలసి వచ్చిన ఆ పాఠకుణ్ణి గురించి ఆలోచిస్తున్నప్పుడు ఈ వ్యాసానికి బీజం పడింది. నేను భౌతికశాస్త్ర విద్యార్థిని కాను. తెలుగు చదువుకుని తెలుగు బోధిస్తున్నదాన్ని. కాబట్టి సిద్ధాంతాల తప్పొప్పులు నిర్ణయించే అధికారం నాకు లేదు. ఒక వాక్యం తాను చెప్పదలచుకున్నది చెబుతోందా లేదా అన్నది మాత్రం భాషావిద్యార్థి పరిశీలించదగిన విషయమే. పరిభాషపై చర్చ ఇంతవరకు పద నిర్మాణం చుట్టూ, అంటే సంస్కృతమా, అచ్చతెలుగా, ఆంగ్లమా అన్న ప్రశ్న చుట్టూ ఎక్కువగా తిరిగింది. నా అభిప్రాయంలో అది రెండో ప్రశ్న. ఒకే పేరాలో పక్కపక్కన నిలబడవలసిన పదాలు ఒకదాని అర్థాన్ని మరొకటి చెడగొట్టకుండా నిలబడుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. దాన్ని పరీక్షించడానికి పాఠశాల స్థాయి విషయం చాలదు. పరిశోధన జరుగుతున్న విషయమే కావాలి. అందుకే ఎలక్ట్రాన్ స్పిన్‌కు సంబంధించిన ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

2. నడిచిపోగలిగిన దూరంలో ఒక చరిత్ర

భారతీయభాషల్లో శాస్త్రం చెప్పాలన్న ప్రయత్నాలు హైదరాబాదులో చాలావరకు అబిడ్స్, నాంపల్లి పరిసరాల్లోనే జరగడం విశేషం. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు తదితరుల పూనికతో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదులోనే పుట్టింది. చరిత్రలు, జీవితచరిత్రలతో పాటు ప్రకృతిశాస్త్రాలపై కూడా మండలి పుస్తకాలు వేసింది. ఆ పుస్తకాలకు చందాదారులున్నారు గాని తరగతిగది లేదు.

తరగతిగది ఉర్దూకు దొరికింది. 1917లో అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో అబిడ్స్‌ను ఆనుకుని ఉన్న గన్‌ఫౌండ్రీలో తరగతులు మొదలుపెట్టింది. భౌతికశాస్త్రం, గణితం, వైద్యం సహా ఉన్నత విద్య ఒక భారతీయభాషలో నడిచింది. సంస్థానంలో అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు అయినప్పటికీ అది బోధనాభాష కాలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయినా అక్కడ జరిగిన పనిని గమనించాలి. ఆ పరిభాషను పాఠ్యపుస్తకం, ఉపన్యాసం, ప్రశ్నపత్రం మూడూ వాడాయి. పనికిరాని పదం పరీక్షహాలులోనే బయటపడుతుంది. 1948 తరువాత బోధనామాధ్యమం ఆంగ్లమైంది. ఉర్దూ పదాల కాఠిన్యం వల్లే ఆ ప్రయోగం పోయిందనడం తేలిక. నేను అలా అనుకోను. తరగతి పోయింది కాబట్టి పదాలు పోయాయి.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగుకు డిగ్రీ స్థాయి వరకు ఆ తరగతిగదిని కల్పించింది. దాని పదకోశాలు లేకపోతే ఈ వ్యాసం రాయడానికి కూడా నాకు మాటలు ఉండేవి కావు. పరిశోధన మాత్రం ఆంగ్లంలోనే ఉండిపోయింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైనది అబిడ్స్ దగ్గరి గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో. అది సరోజినీ నాయుడి ఇల్లు. ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన రసాయనశాస్త్రవేత్త, నిజాం కళాశాలకు ఆద్యుడు. కవిత్వమూ రసాయనశాస్త్రమూ ఒకే కప్పు కింద ఉన్న ఇల్లది. అక్కణ్ణుంచి నడచి వెళ్లగలిగిన దూరంలో, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వెలిసింది.

ఈ వరసలో సూరి భగవంతం పేరు ప్రత్యేకంగా చెప్పాలి. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన ఆయన నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి. వి. రామన్ దగ్గర చేరారు. కాంతికణానికి స్పిన్ ఉందనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారాన్ని 1931లో రామన్, భగవంతం కలిసి ప్రకటించారు. తరువాత భగవంతం దృష్టి స్ఫటికాల సౌష్ఠవం వైపు మళ్లింది. స్ఫటికానికి ఉన్న సౌష్ఠవాన్ని బట్టి దాని భౌతికధర్మాల్లో ఏవి సాధ్యం, ఏవి అసాధ్యం అన్నది ఆయన గ్రంథాల ప్రధాన విషయం. 1952 నుండి 1957 వరకు ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా కూడా ఉన్నారు. స్పిన్, స్ఫటిక సౌష్ఠవం అనే రెండు విషయాలూ తెలుగు మాతృభాషగా గల ఒకే శాస్త్రవేత్త కృషిలో కనిపిస్తాయి. ఈనాటి టోపాలజికల్ పదార్థాల చర్చలో ఆ రెండే కలుస్తున్నాయి. ఆయన గ్రంథాలు ఆంగ్లంలో వచ్చాయి. అందుకు ఆయనను తప్పుపట్టలేం. 1948లో స్ఫటిక సమూహసిద్ధాంతాన్ని తెలుగులో రాస్తే చదివేవారెవరు? ఇప్పుడైనా ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది.

3. చెప్పవలసిన విషయం

పరిభాషను విమర్శించే ముందు విషయాన్ని వీలైనంత తేటగా చెప్పడం అవసరం. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్‌లు కొన్ని శక్తిపట్టీల్లోనే ఉండగలవు. నిండిన కింది పట్టీకీ ఖాళీగా ఉన్న పై పట్టీకీ మధ్య ఎడం ఉంటే అది విద్యుద్బంధకమో అర్ధవాహకమో అవుతుంది. ఒక పట్టీ సగమే నిండి ఉంటే అది లోహం. ఈ రెండు పట్టీలు కొద్దిగా ఒకదానిపై ఒకటి ఒరిగినా, కొన్ని బిందువుల దగ్గర తాకినా అది సెమీమెటల్. గ్రాఫైట్, బిస్మత్ ఇందుకు పాత ఉదాహరణలు. ఆ తాకిడి యాదృచ్ఛికమైనది కాకుండా, పదార్థాన్ని కొంచెం కదిలించినా కలతపెట్టినా తొలగిపోనిదైతే దాన్ని టోపాలజికల్ సెమీమెటల్ అంటారు. హెర్మన్ వైల్ 1929లో ద్రవ్యరాశి లేని కణాలకు రాసిన సమీకరణం ఈ బిందువుల దగ్గరి ఎలక్ట్రాన్‌లకు వర్తిస్తుంది. అలాంటి వైల్ సెమీమెటల్‌గా టాంటలం ఆర్సెనైడ్ 2015లో ప్రయోగాల్లో నిర్ధారణ అయింది.

స్పిన్ ప్రవేశించేది ఇక్కడే. స్ఫటికానికి విలోమ సౌష్ఠవం ఉందనుకుందాం. అంటే ఒక కేంద్రబిందువు గుండా ప్రతి పరమాణువునూ అవతలివైపుకు మార్చినా స్ఫటికం తేడా లేకుండా ఉంటుంది. అయస్కాంతత్వం కూడా లేకపోతే, అలాంటి స్ఫటికంలో ప్రతి శక్తిస్థాయిలోనూ రెండు స్పిన్ స్థితులు జంటగా ఉంటాయి. ఆ కేంద్రం పోతే జంట విడిపోతుంది.

మాలిబ్డినం డైటెల్యురైడ్ అనే పొరల స్ఫటికం దీనికి మంచి ఉదాహరణ. గది ఉష్ణోగ్రత వద్ద దాని మోనోక్లినిక్ ప్రావస్థలో స్ఫటిక కోణం సుమారు 94 డిగ్రీలు, విలోమ కేంద్రం ఉంటుంది. దాదాపు 250 కెల్విన్‌లకు, అంటే సున్నాకు దిగువన 23 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చల్లబరిస్తే పొరలు ఒకదానిపై ఒకటి స్వల్పంగా జరిగి కోణం 90 డిగ్రీలవుతుంది. చూపుకు మరింత తీరుగా కనిపించే ఈ ఆర్థోరాంబిక్ ప్రావస్థలోనే విలోమ కేంద్రం ఉండదు. స్పిన్ జంటలు విడిపోయేదీ, వైల్ బిందువులు సాధ్యమయ్యేదీ ఇందులోనే. పరమాణువులు అవే, ఎలక్ట్రాన్‌ల సంఖ్య అదే, మారినది పొరల పొందిక ఒక్కటే. దీని సోదర పదార్థమైన టంగ్‌స్టన్ డైటెల్యురైడ్‌లో ఇలాంటి పొరల జరుగుబాటును టెరాహెర్ట్జ్ కాంతిస్పందనలతో, క్షణంలో అత్యల్ప భాగంలో, తీసుకురావచ్చునని 2019లో చూపారు.

విలోమ సౌష్ఠవం తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణంలోని పాదభ్రమకాన్ని గుర్తు చేసుకుంటే చాలు. పాదాన్ని చివరి నుండి చదివినా అదే పాదం వస్తుంది. అందులో ఒక్క అక్షరాన్ని పక్కకు జరిపితే అక్షరాలన్నీ ఉన్నా ఆ గుణం ఉండదు. పొరల జరుగుబాటు చేసేదీ అటువంటి పనే. అయితే ఈ పోలిక నిర్మాణం వరకే పనికొస్తుంది. స్పిన్‌కు పద్యంలో సాటి వచ్చేది నాకు కనిపించలేదు. బలవంతంగా వెతకడం శాస్త్రానికీ కవిత్వానికీ మేలు చేయదు.

4. అర్ధలోహం: మూడు వస్తువులకు ఒకే పేరు

పదోతరగతి పాఠ్యపుస్తకం ప్రకారం సిలికాన్ అర్ధలోహం. మెటలాయిడ్ అన్న పదానికి అది తెలుగు. లోహ లక్షణాలు కొన్ని, అలోహ లక్షణాలు కొన్ని ఉన్న మూలకం అని రసాయనశాస్త్ర భావం. సెమీమెటల్‌ను తెలుగు చేయబోయేవారికి కూడా మొదట తట్టే పదం అర్ధలోహమే. సెమీకండక్టర్ అర్ధవాహకమైనప్పుడు సెమీమెటల్ అర్ధలోహం కాకుండా ఎలా ఉంటుంది? కాని ఇది పట్టీల అమరికకు సంబంధించిన భౌతికశాస్త్ర భావం. ఈ అర్థంలో సిలికాన్ అర్ధలోహం కాదు, అర్ధవాహకం. గ్రాఫైట్ ఈ అర్థంలో అర్ధలోహం, మొదటి అర్థంలో కాదు. ఆర్సెనిక్ రెండర్థాల్లోనూ అర్ధలోహమే. ఇన్ని చిక్కులున్న పదం పైన ఆ విద్యార్థి ప్రశ్నార్థకం పెట్టడంలో ఆశ్చర్యమేముంది?

మూడోది హాఫ్ మెటల్. 1983లో నికెల్, మాంగనీస్, ఆంటిమొని సమ్మేళనం గురించి లెక్కలు వేస్తూ డచ్ శాస్త్రవేత్త డి గ్రూట్, ఆయన సహచరులు ప్రతిపాదించిన భావమిది. ఇందులో ఒక స్పిన్‌కు చెందిన ఎలక్ట్రాన్‌లకు పదార్థం లోహంలా, రెండో స్పిన్‌కు చెందినవాటికి విద్యుద్బంధకంలా ఉంటుంది. ఇక్కడ సగం అన్న మాట అక్షరాలా నిజం. జాబితాను పట్టుకుని అనువదిస్తే దీనికీ అర్ధలోహమే వస్తుంది.

ఆంగ్లంలో మెటలాయిడ్, సెమీమెటల్, హాఫ్ మెటల్ అనే మూడు పదాలు వేరు గ్రీకు, లాటిన్, జర్మానిక్ మూలాల ఆధారంగా వేరుగా నిలిచాయి. తెలుగులో మూడింటినీ అర్ధ అనే ఒక్క ఉపపదంలోకి నెట్టాం. ఇది వాదం కోసం కల్పించిన ఇబ్బంది కాదు. కోబాల్ట్, తగరం, గంధకం కలిసిన ఒక స్ఫటికాన్ని 2018లో అయస్కాంత వైల్ సెమీమెటల్‌గా గుర్తించారు. అది హాఫ్ మెటల్ కూడా. ఈ విషయాన్ని ఇప్పటి పదాలతో రాస్తే “ఇది అర్ధలోహ లక్షణం గల అర్ధలోహం” అన్న వాక్యం వస్తుంది. అలంకారశాస్త్రంలో దీనికి అనన్వయమని పేరు పెట్టుకోవచ్చు గాని పరిశోధనావ్యాసంలో ఇది చెల్లదు.

ప్రత్యామ్నాయం వెతుకుతూ ఒక దశలో సంస్కృత అవ్యయం సామి దగ్గర ఆగాను. దానికి సగం అని అర్థం. లాటిన్ సెమీకి అది సజాతీయం కూడా. వ్యుత్పత్తి దృష్ట్యా సామిలోహం కంటే సరైన అనువాదం ఉండదు. కాని ఆ మాట పైకి అనగానే తరగతిలో ఎవరో రెండు చేతులూ జోడించారు. తెలుగు చెవికి సామి అంటే స్వామే. వ్యుత్పత్తి ఎంత నిర్దుష్టమైనా చెవి ఒప్పని పదం బతకదని నాకు అప్పుడు తెలిసింది.

నా సూచన ఇది. గణితంలో గోళాభం అన్న పదం ఉంది, గోళంలా కనిపించేదని అర్థం. అదే పద్ధతిలో మెటలాయిడ్‌ను లోహాభం అందాం. లోహంలా తోచేది అన్న అర్థం రసాయనశాస్త్ర భావానికి సరిగ్గా సరిపోతుంది. సెమీమెటల్‌కు అర్ధలోహాన్ని వదిలిపెడదాం, అర్ధవాహకంతో దాని జత కుదురుతుంది. హాఫ్ మెటల్‌ను ఏకస్పిన్ లోహం అందాం. ఇది అనువాదం కాదు, నిర్వచనం. అయినా పై వాక్యం ఇప్పుడు “ఇది ఏకస్పిన్ లోహ లక్షణం గల అర్ధలోహం” అవుతుంది. చదువరికి ఆగవలసిన పని ఉండదు. పదోతరగతి పుస్తకంలో ఒక మాట మార్చవలసి వస్తుందన్న అభ్యంతరం ఉంటుంది. బడిపుస్తకంలోని పదం పరిశోధన దాకా ఎదగలేకపోతే మార్చవలసింది ఆ పదాన్నే అని నా ఉద్దేశం.

5. భ్రమణం: చెవికి తెలిసిన పదంతో ప్రమాదం

భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం, సూర్యుని చుట్టూ తిరగడం పరిభ్రమణం. ఈ జంట ప్రతి తెలుగు విద్యార్థికీ కంఠతా వచ్చు. పరమాణువును చిన్న సౌరకుటుంబంగా పరిచయం చేసిన వెంటనే ఎలక్ట్రాన్ పరిభ్రమణం, ఎలక్ట్రాన్ భ్రమణం అన్నవి తమంతట తామే వచ్చి కూర్చుంటాయి. పాఠ్యపుస్తకాలు స్పిన్ క్వాంటం సంఖ్య అని స్పిన్‌ను ఉంచుకున్నా, వివరించే చోట సవ్యదిశ, అపసవ్యదిశ అనడంతో ఆ బొమ్మే తిరిగి వస్తుంది. జనరంజక వ్యాసాల్లో బొంగరం తప్పక వస్తుంది.

ఈ భ్రమ శాస్త్రవేత్తలకూ కలిగిందనడం న్యాయం. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ స్పిన్‌ను ప్రతిపాదించినప్పుడు ఎలక్ట్రాన్ నిజంగా తిరుగుతోందనే భావించారు. అలా తిరగాలంటే దాని ఉపరితల వేగం కాంతివేగాన్ని మించాలని లోరెంట్జ్ అభ్యంతరం చెప్పాడు. చివరికి మిగిలింది తిరుగుడు కాదు, ఎలక్ట్రాన్‌కు స్వతస్సిద్ధంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం. దాన్ని ఏ దిశలో కొలిచినా రెండే విలువలు వస్తాయి. ఎలక్ట్రాన్ స్థితిని 360 డిగ్రీలు తిప్పితే అది యథాతథంగా మునుపటి స్థితికి రాదు, 720 డిగ్రీలు తిప్పాలి. ఏ బొంగరమూ ఇలా ప్రవర్తించదు.

మరి ఆంగ్లంలోనూ స్పిన్ అంటే తిరగడమే కదా అన్న ప్రశ్న వస్తుంది. అవును, ఆంగ్లపాఠకుడికీ మొదట ఈ ఇబ్బంది ఉంది. వందేళ్ల వాడుకలో అక్కడ ఆ పదం పేరుగా గట్టిపడింది. తెలుగులో భ్రమణం ఇంకా జీవక్రియతో ఉన్న పదం. భ్రమ, భ్రాంతి, భ్రమరం అన్నీ ఆ ధాతువు నుండే పుట్టాయి. సజీవమైన పదాన్ని పరిభాషలోకి తెచ్చినప్పుడు దాని పాత అర్థం బయటికి పోదు. ఇక్కడ తెలుగు వారికి ఒక సౌకర్యం ఉంది. స్పిన్ అనే ధ్వనికి తెలుగులో క్రికెట్ తప్ప మరో సహవాసం లేదు. కాబట్టి దాన్ని కేవలం పేరుగా స్వీకరించడం ఆంగ్లపాఠకుడి కంటే మనకే సులువు. ఎలక్ట్రాన్, ప్రోటాన్ వంటి అంతర్జాతీయ పదాలను అలాగే ఉంచాలని 1961లో ఏర్పడిన కేంద్ర పారిభాషిక పదావళి సంఘం నియమం పెట్టుకుంది. స్పిన్‌ను కూడా ఆ వరుసలో చేర్చవచ్చు.

“నిర్మాణం మారినప్పుడు ఎలక్ట్రాన్ భ్రమణాలు విడిపోతాయి” అన్న వాక్యాన్ని ఒకసారి డిగ్రీ విద్యార్థులకు చదివి వినిపించాను. వెనకబెంచీ నుండి “చల్లబరిస్తే ఎలక్ట్రాన్ తిరగడం ఆగిపోతుందా మేడమ్?” అన్న ప్రశ్న వచ్చింది. ఆ విద్యార్థి తెలివి తక్కువవాడు కాడు. తెలుగు వాక్యాన్ని తెలుగు వాక్యంగా చదివాడు. తప్పు వాక్యానిది.

సంస్కృత పదాలన్నీ ఇలా మోసం చేస్తాయని దీని అర్థం కాదు. ఒకే శక్తిగల స్థితులను ఆంగ్లం డీజనరేట్ అంటుంది, ఆ పదానికి లోకంలో పతనమైన అని అర్థం. తెలుగు పుస్తకాల్లోని సమశక్తి అన్న పదం ఆంగ్లపదాన్ని వదిలి విషయాన్ని పట్టుకుంది. విడిపోయేది ఏమిటన్న ప్రశ్నకు సమశక్తి అన్న పదంలోనే జవాబు ఉంది. మునుపు సమమైన శక్తులు ఇప్పుడు వేరయ్యాయి.

6. దశ, ప్రావస్థ: మన చేతిలో ఉన్న మేలు

మంచు, నీరు, ఆవిరి ఒకే పదార్థపు మూడు ప్రావస్థలు. తరంగంలో ఒక బిందువు చక్రంలో ఎక్కడుందో తెలిపేది దశ. ఆంగ్లంలో రెండూ ఫేజ్. మామూలు సందర్భాల్లో ఆంగ్లానికి దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే ఉష్ణగతికశాస్త్రమూ తరంగశాస్త్రమూ ఒకే పేరాలో అరుదుగా కలుస్తాయి. టోపాలజికల్ పదార్థాల్లో కలుస్తాయి. వైల్ బిందువుల స్వభావం తెలియాలంటే ఎలక్ట్రాన్ తరంగం ఒక వలయాన్ని చుట్టివచ్చినప్పుడు పొందే జ్యామితీయ దశను లెక్కించాలి. ధ్రువిత కాంతిలో ఈ భావాన్ని 1956లో బెంగళూరులో ఎస్. పంచరత్నం కనుగొన్నారు, 1984లో మైకేల్ బెర్రీ క్వాంటం యాంత్రికశాస్త్రంలో సాధారణీకరించాడు. “ప్రావస్థ మారగానే దశ మారుతుంది” అని తెలుగులో నాలుగు మాటల్లో రాయవచ్చు. ఆంగ్లంలో ఫేజ్ మారగానే ఫేజ్ మారుతుందని రాసి, ఏది ఏదో విశేషణాలతో వివరించాలి.

ఇంత చక్కటి వివేచనను మనమే వదులుకుంటున్నాం. శాస్త్రవార్తల అనువాదాల్లో ఫేజ్ కనిపించిన ప్రతిచోటా దశ అని పెట్టడం అలవాటైంది. ఎన్నికల దశ, ఔషధ పరీక్షల దశ, పదార్థపు దశ అన్నీ ఒకటే. ప్రావస్థ పలకడానికి కష్టమన్నది ఒక సాకు. ద్రవ్యోల్బణం కంటే కష్టమా? పత్రికలు రోజూ రాయడంతో ద్రవ్యోల్బణం నాలుకకు అలవాటైంది.

7. సౌష్ఠవం, వాటం

సౌష్ఠవం అన్న పదాన్ని భౌతికశాస్త్రం సాహిత్యం నుండి అరువు తెచ్చుకుంది. మనకది అవయవాల పొందిక, శబ్దాల బిగువు. భంగం మన లక్షణగ్రంథాల్లో దోషం, యతిభంగం లాగా. అందువల్ల సౌష్ఠవభంగం అన్న మాట చదివినప్పుడు ఏదో చెడిందన్న భావన కలుగుతుంది. భౌతికశాస్త్రంలో ఆసక్తికరమైనది మొదలయ్యేదే అక్కడ. ఈ పదాన్ని మార్చమని నేను అడగను. సాహిత్య విద్యార్థి ఆ స్వరభేదాన్ని గుర్తుంచుకుంటే చాలు.

వైల్ బిందువులు జంటలుగా వస్తాయి, ఒకటి కుడిది, ఒకటి ఎడమది. ఈ గుణానికి రసాయనశాస్త్ర పుస్తకాల్లో కైరాలిటీ అన్న మాటే ఉంది. గ్రీకులో చెయ్యి అన్న పదం నుండి వచ్చింది. తెలుగులో దీనికి తయారుగా ఉన్న మాట వాటం. ఎడమచేతి వాటం అనని తెలుగువాళ్లుండరు. చేతివాటం అంటే మాత్రం దొంగతనమవుతుంది కనుక చేతిని తీసేసి కుడివాటం, ఎడమవాటం అనవచ్చు. “వైల్ బిందువుల జంటలో ఒకటి కుడివాటంది, రెండోది ఎడమవాటంది.” దీన్ని వివరించడానికి మరో వాక్యం అక్కర్లేదు. అచ్చతెలుగు పక్షపాతంతో ఈ మాట అనడం లేదు. పై విభాగంలో సంస్కృతాన్నీ, దానికి ముందు ఆంగ్లాన్నీ సమర్థించాను. ఏ మూలం నుండి వచ్చినా వాక్యంలో నిలబడినదే పదం. వేమూరి వేంకటేశ్వరరావు మాలిక్యూల్‌కు బణువు అన్న మాటను కల్పించి, అణువును ఆటమ్‌కు కేటాయించినప్పుడు చాలామంది నవ్వారు. అణువు, పరమాణువు పక్కపక్కన వచ్చే వాక్యాల్లో చదువరి తికమకను ఆయన నిజంగానే గమనించారు. పరిష్కారంతో ఏకీభవించకపోయినా ఆయన ప్రశ్న సరైనది.

8. వాక్యం దగ్గర

ఇప్పటి వాడుకలోని పదాలతో పేర్చిన ఒక పేరా ఇలా ఉంటుంది: “అర్ధలోహమైన మాలిబ్డినం డైటెల్యురైడ్‌ను చల్లబరచినప్పుడు దశ మారి సౌష్ఠవం భంగమవుతుంది. దానివల్ల ఎలక్ట్రాన్ భ్రమణాలు విడిపోతాయి.” వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. దాదాపు ప్రతి ప్రధాన పదమూ చదువరిని మరో చోటికి తీసుకుపోతుంది.

పై చర్చ ఆధారంగా నేను రాసుకున్నది ఇది: “మాలిబ్డినం డైటెల్యురైడ్ పొరలతో ఏర్పడిన అర్ధలోహం. సుమారు 250 కెల్విన్‌ల దగ్గర దాని పొరలు కొద్దిగా జరిగి స్ఫటికం మరో ప్రావస్థలోకి మారుతుంది. కొత్త ప్రావస్థకు విలోమ సౌష్ఠవం లేదు. అందువల్ల అంతకుముందు సమశక్తితో జంటగా ఉన్న పై స్పిన్, కింది స్పిన్ స్థితులు వేరువేరు శక్తులకు చేరతాయి. పట్టీలు తాకే బిందువులు కుడివాటం, ఎడమవాటం జంటలుగా ఏర్పడగలిగేది ఈ ప్రావస్థలోనే.”

టోపాలజికల్ అన్న మాటకు ఇందులో చోటివ్వలేదు. గణితంలో సంస్థితిశాస్త్రం అన్న పేరు ఉంది. కాని స్థితి, సమశక్తి స్థితి, స్పిన్ స్థితి అని పదేపదే వచ్చే పేరాలో సంస్థితి కూడా చేరితే ఒక్క ఉపసర్గ మీద భారమంతా పడుతుంది. ప్రస్తుతానికి టోపాలజికల్ అనే వాడటం మేలనిపిస్తోంది. మంచి మాట దొరికితే మార్చుకోవడానికి అభ్యంతరం లేదు.

ఈ పేరాను భౌతికశాస్త్రం బోధించే సహోద్యోగికి చూపించాను. ప్రావస్థ గురించీ వాటం గురించీ ఆమె ఏమీ అనలేదు. పై స్పిన్, కింది స్పిన్ అన్న మాటల కింద గీత గీశారు. విలోమ సౌష్ఠవం పోయిన స్ఫటికంలో స్పిన్ దిశ ఎలక్ట్రాన్ ద్రవ్యవేగాన్ని బట్టి మారుతూ ఉంటుంది గనుక స్ఫటికమంతటికీ వర్తించే పైదీ కిందదీ ఉండవని చెప్పారు. నేను జాగ్రత్తపడినది పారిభాషిక పదాల దగ్గర. తప్పు దొర్లినది పై, కింద అనే రెండు మామూలు తెలుగు మాటల్లో. ఆ వాక్యాన్ని “జంటగా ఉన్న రెండు స్పిన్ స్థితులు వేరువేరు శక్తులకు చేరతాయి, వాటి దిశ ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుంది” అని మార్చాను. చివరి భాగంలో దిశ అన్నది ఏ అక్షానికి సంబంధించిందో ఇంకా స్పష్టం కాలేదని ఆమె అభిప్రాయం.